బీడునేలపై ఎగిరే ఇంటి జైరోప్లేను

మేతకు పోయిన పశువు ఇంటికి రాకపోతే మీరు ఏమి చేస్తారు? పిల్లవాని నొకనిని కాలువ గట్టు వెంట పంపుతారు. మీరు చెరువు వైపు పోతారు. పొరుగూరి బందెలదొడ్డిలో విచారిస్తారు. దీపాలు పెట్టే వేళకు ఏదో ఒక జాడ తెలుస్తుంది.

ఆస్ట్రేలియాలో మంద మేపుకొనే రైతుకు ఇట్టి వీలు లేదు. అక్కడ పశువుల కమతమును 'స్టేషను' అంటారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ అనే స్టేషను ఒక్కటే 15,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది. 2022లో జిల్లాలను విడదీయక పూర్వము మన చిత్తూరు జిల్లా ఎంత ఉండేదో, ఆ ఒక్క కమతము సుమారు అంత. అక్కడ పశువులను కట్టుగొయ్యకు కట్టరు, కాపరి వెంట ఉండడు. పొదలలో, వాగులలో అవి తమంతట తాము బ్రతుకుతాయి. ఏడాదికి ఒకటి రెండు సార్లు మందనంతటినీ కూడదీసి, దూడలకు గుర్తులు వేసి, అమ్మదగిన వాటిని వేరు చేయవలెను. ఈ పనిని వారు 'మస్టరింగ్' అంటారు. పూర్వము గుర్రాలపై చేసేవారు. తరువాత మోటారు సైకిళ్ళు వచ్చినవి. 1979లో రాబిన్‌సన్ ఆర్-22 అనే చిన్న హెలికాప్టరుకు అనుమతి లభించిన తరువాత ఆకాశము నుండి మందను తోలుట అక్కడ సాధారణమైపోయినది.

కాని హెలికాప్టరు ఖర్చు సామాన్యమైనది కాదు. ఆర్-22ను 2,200 గంటలు ఎగిరిన తరువాత పూర్తిగా విప్పి, అరిగిన భాగాలు మార్చి తిరిగి కట్టవలెను. అది చిన్న స్టేషను వానికి నడ్డి విరిచే ఖర్చు. అందువలన కొందరు జైరోప్లేను అనే మరొక యంత్రము వైపు చూచినారు. ట్రాక్టరు బాగుచేసుకొనే షెడ్డులోనే, అంగడిలో దొరికే అల్యూమినియము గొట్టాలతో, కొని తెచ్చిన రెక్కలతో దీనిని కట్టుకొన్నవారు అక్కడ ఉన్నారు, అమెరికాలోను ఉన్నారు. ఒంటి మనిషి ఎక్కే ఈ యంత్రము నడుచుటకు మోటారు కారులో పోసే పెట్రోలు చాలును.

ఇది మన పొలాలకు పనికివచ్చునా అని మీరు అడుగవచ్చును. పనికిరాదు. మన కమతాలు చిన్నవి, కంటికి కనబడినంత మేర కరెంటు తీగలు. మందు చల్లుటకు కావలెనన్న డ్రోనులు వచ్చినవి. అయినను ఈ వ్యాసము వ్రాయుటకు కారణము కలదు. యంత్రాలపై ఆసక్తి గల యువకులు మన గ్రామాలలోను ఉన్నారు. పాత మోటారు సైకిలు ఇంజనుతో ఏదో ఒక ఎగిరే యంత్రము కట్టవలెనని ఉబలాటపడేవారు అప్పుడప్పుడు కనబడుతూనే ఉన్నారు. అట్టివానికి మొట్టమొదట తోచే ఆలోచన ఏమనగా, బాగా గట్టిగా కడితే చాలునని. ఆ ఆలోచనయే పెక్కుమంది ప్రాణాలు తీసినది. ఎట్లు తీసినదో తెలుసుకొనుట అవసరము.

ఇది ఎట్లు ఎగురును?

మన్యములో గుగ్గిలపు చెట్టు గింజ రాలుటను చూచినవారికి సగము సంగతి తెలిసినట్లే. గింజకు అంటియున్న రేకులు గాలికి గిరగిర తిరుగుతాయి. అందువలన గింజ రాయివలె పడక మెల్లగా దిగుతుంది. ఆ గింజకు ఇంజను లేదు. క్రింది నుండి వచ్చే గాలియే దానిని త్రిప్పుచున్నది.

జైరోప్లేను నెత్తిమీద ఉండే పెద్ద రెక్క కూడ ఇట్లే తిరుగుతుంది. దీనిని రోటారు అంటారు. హెలికాప్టరులో ఇంజను రోటారును త్రిప్పుతుంది. జైరోప్లేనులో అట్లు కాదు. ఇంజను పైలటు వెనుక ఉండి ఒక చిన్న ప్రొపెల్లరును మాత్రము త్రిప్పి, యంత్రమును ముందుకు త్రోస్తుంది. ముందుకు పోయేటప్పుడు కొంచెము వెనుకకు వాల్చిన రోటారు గుండా గాలి క్రింది నుండి పైకి పోయి దానిని తిరుగుతూ ఉండేటట్లు చేస్తుంది. ఇరువది నుండి ఇరువదియైదు అడుగుల నిడివి గల ఈ రోటారు నిమిషమునకు 300 నుండి 400 చుట్లు తిరుగుతుంది.

దీనివలన ఒక మేలు, ఒక లోపము కలవు. మేలు ఏమనగా, ఆకాశములో ఇంజను ఆగిపోయినను రోటారు ఆగదు. తగినంత ఎత్తులో ఉంటే కొంత దూరము జారి, కొద్దిపాటి చదునుపై దిగవచ్చును. లోపము ఏమనగా, ఇది హెలికాప్టరువలె ఒకచోట నిలువలేదు. ముందుకు పోతూ ఉండవలసినదే. పశువు వద్ద ఆగి చూడవలెనన్న చుట్టూ తిరిగి చూడవలెను గాని నిలిచి చూచుటకు వీలులేదు. ఈ సంగతి మరచి, ఎదురుగాలిలో వేగము తగ్గించుకొంటూ పోయి నేలకు కొట్టుకొన్నవారు ఉన్నారు.

ఈ యంత్రమును కనిపెట్టినవాడు స్పెయిను దేశస్థుడైన హువాన్ ద లా సియెర్వా. అతడు మొదట కట్టిన మూడు నమూనాలు పైకి లేవబోయి ప్రక్కకు ఒరిగిపోయినవి. కారణము తేలికగానే అర్థమవుతుంది. తిరిగే రెక్క ఒక ప్రక్క ముందుకు పోతుంది, రెండవ ప్రక్క వెనుకకు వస్తుంది. ముందుకు పోయే వైపు గాలి తాకిడి ఎక్కువ, వెనుకకు వచ్చే వైపు తక్కువ. కాబట్టి ఒక ప్రక్క లేచి, ఒక ప్రక్క కుంగుతుంది. సియెర్వా రెక్కలను మొదలు వద్ద బిగించి ఉంచక బందులు పెట్టి, పైకి క్రిందికి ఆడనిచ్చినాడు. 1923 జనవరిలో అతని నాలుగవ నమూనా మాడ్రిడు సమీపమున తిన్నగా ఎగిరినది. గమనించండి. బిగుతుగా ఉంచినంత కాలము పడిపోయినది, ఆడనిచ్చిన తరువాత నిలిచినది.

నేడు ఇంట కట్టే యంత్రాలలో రెండు రెక్కలే ఉంటాయి. అవి నడుమ ఒకే ఇరుసుపై పిల్లలు ఊగే తూగుడు బల్లవలె ఆడుతాయి. ఈ తేలిక పద్ధతిని రైతులకు, పనివారలకు అందేటట్లు చేసినవాడు ఇగోర్ బెన్సెన్. అతడు అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు రాలీ పట్టణములో కంపెనీ పెట్టి, 1950ల నుండి కొలతల కాగితాలు, విడిభాగాలు అమ్మినాడు. రెండు అంగుళాల చదరపు అల్యూమినియము గొట్టము అడుగున ఒకటి, నిలువుగా ఒకటి, వెనుక ఒక ఇంజను, నెత్తిన రోటారు, ఒక కుర్చీ. అతని బి-8ఎం అనే నమూనా ఖాళీ బరువు సుమారు 112 కిలోలు మాత్రమే.

బండి మొగ్గు

ఇప్పుడు అసలు విషయమునకు వద్దాము. కొంచెము నిదానముగా చదువవలసిన భాగము ఇదే.

బెన్సెన్ యంత్రమునకు వాడిన మెకలక్ ఇంజను గేర్లు లేకుండ ప్రొపెల్లరును నేరుగా త్రిప్పేది. అందువలన ప్రొపెల్లరు చిన్నది, నాలుగు అడుగులకు కొంచెము పైబడినది. తరువాత రోటాక్స్ వంటి గేర్లు గల ఇంజనులు, సుబారు కారు ఇంజనులు వచ్చినవి. ఇవి ఎక్కువ నమ్మకమైనవి. కాని వీటికి అయిదు అడుగులకు మించిన ప్రొపెల్లరు కావలెను. అది అడుగు దూలమునకు తగులకుండ ఉండవలెనన్న ఇంజనును పైకి ఎత్తవలెను. దీనికి తోడు బీడునేలపై రాళ్ళు, మోళ్ళు ప్రొపెల్లరుకు తగులకూడదని కట్టేవాడు ఇంజనును ఇంకొక నాలుగు అంగుళాలు ఎత్తినాడు. అతని దృష్టిలో అది జాగ్రత్త. చూచినవారు కూడ 'ఎంత ఎత్తుగా, ఎంత బలముగా కట్టినాడు!' అని మెచ్చుకొన్నారు.

మీరు ఎద్దుబండి తోలినవారే గదా. బస్తాలు ముందుకు వేస్తే బండి ముందు మొగ్గు అయి ఎద్దుల మెడలు ఒరసికొనిపోతాయి. వెనుకకు వేస్తే కాడి పైకి లేచి గొంతుకు పలుపు బిగుస్తుంది. బండి ఎంత గట్టి టేకుతో చేసినదైనను మొగ్గు తప్పితే అది పనికిరాదు. విమానములో ముందు వెనుకల మొగ్గే గాక, పై క్రిందుల మొగ్గు కూడ చూడవలెను. యంత్రము, మనిషి, పెట్రోలు అన్నియు కలిపిన మొత్తము బరువు ఏ బిందువు వద్ద నిలిచినట్లు ఉండునో దానిని గరిమనాభి అంటారు. ప్రొపెల్లరు నడిమి నుండి తిన్నగా ముందుకు గీసిన గీతను తోపు రేఖ అందాము. తోపు రేఖ గరిమనాభి గుండా పోతే ఇంజను యంత్రమును ముందుకు మాత్రమే త్రోస్తుంది. తోపు రేఖ పైన ఉంటే? ముందుకు త్రోయుటే గాక, ముక్కును క్రిందికి కూడ వంచుతుంది. నిలబడిన మనిషిని నడుము వద్ద నెట్టుటకు, మెడ వద్ద నెట్టుటకు ఉన్న తేడాయే ఇది.

అట్లయిన అది ప్రతిదినము బోర్లపడవలసినది గదా అని మీరనవచ్చును. పడదు. అదే ఇందులోని మోసము. రోటారుపై బరువు వ్రేలాడుతున్నంతసేపు రోటారు వెనుకకు లాగుతూ, తోపు చేసే వంపును సరిచేస్తూ ఉంటుంది. గంటలకొద్ది బాగుగానే ఎగురుతుంది. కట్టినవానికి నమ్మకము కుదురుతుంది. ఒకనాడు ఎండవేళ గాలి కెరటము యంత్రమును పైకెత్తి విడుస్తుంది, లేదా పైలటే త్వరపడి చేతికర్రను ముందుకు నెడతాడు. ఊయెల పైకి పోయి దిగబోయే క్షణములో మన బరువు తేలిపోయినట్లు ఉంటుంది గదా, అట్టి క్షణము వస్తుంది. అప్పుడు రోటారుపై బరువు లేదు, కాబట్టి దాని లాగుడును లేదు. ఇంజను తోపు మాత్రము అట్లే ఉన్నది. సెకనులో కొద్ది భాగములోనే యంత్రము ముక్కుమీద బోర్లపడుతుంది. క్రింది నుండి గాలి పోవుట ఆగిన రోటారు వేగము కోల్పోయి, రెక్కలు క్రిందికి వాలి ప్రొపెల్లరునో తోకనో నరుకుతాయి. ఆ తరువాత పైలటు చేయగలిగినది ఏమియు లేదు. ఎంత నేర్పరి అయినను ఇంతే.

బ్రిటనులో ఇట్టి మరణ ప్రమాదాలు వరుసగా జరిగిన తరువాత అక్కడి పౌర విమానయాన శాఖవారు గ్లాస్గో విశ్వవిద్యాలయముచే పరిశోధన చేయించినారు. జైరోప్లేను నిలకడను నిర్ణయించే ముఖ్య విషయము గరిమనాభికి, తోపు రేఖకు మధ్యగల ఎత్తు తేడాయే అని తేలినది. ఆ తేడా రెండు అంగుళాలకు మించరాదని వారు చెప్పినారు. రెండు అంగుళాలు అనగా మన చేతి మూడు వ్రేళ్ళ వెడల్పు. ఆరు అంగుళాలు, ఎనిమిది అంగుళాలు తేడాతో కట్టిన యంత్రము దూలాలు ఎంత మందమైనవి అయిననేమి?

గుండు దారముతో పరీక్ష

ఈ తేడాను కనిపెట్టుటకు ప్రయోగశాల అక్కరలేదు. తాపీ మేస్త్రీ గోడ నిలువు చూచుకొనే గుండు, దారము, ఒక గట్టి దూలము, చైను పుల్లీ ఉంటే చాలును. యంత్రములో పైలటును కూర్చుండబెట్టవలెను. ఎగిరే నాడు వేసుకొనే బట్టలు, శిరస్త్రాణము, బూట్లు సహా కూర్చుండవలెను. టాంకులో సగము పెట్రోలు ఉండవలెను. రోటారు ఆడే ఇరుసు వద్ద పట్టి, చక్రాలు నేలకు ఒక జానెడు ఎత్తు లేచేవరకు వ్రేలాడదీయవలెను. ఊగుట నిలిచిన తరువాత ఆ ఇరుసు నుండి గుండు దారము వదలి, దారము పోయిన గీతను చట్రము ప్రక్కన అంటించిన అట్టపై గీయవలెను. తరువాత యంత్రమును దించి, పట్టు చోటును ముందుకు మార్చి, వేరొక వాలులో వ్రేలాడదీయవలెను. ఈసారి కొత్త పట్టు చోటు నుండి గుండు వదలి రెండవ గీత గీయవలెను. రెండు గీతలు ఎక్కడ ఖండించుకొంటే అదియే గరిమనాభి. ఇక ప్రొపెల్లరు నడిమి నుండి గీతను ముందుకు పొడిగించి, ఎత్తు తేడాను స్కేలుతో కొలిచి చూచుకొనవలెను.

ఈ పరీక్షను ఒక పూటలో చేయవచ్చును. మనిషి వ్రేలాడే పని కాబట్టి గొలుసును ముందుగా రెట్టింపు బరువుతో పరీక్షించి, క్రింద పాత టైర్లు వేసి ఉంచవలెను. యంత్రమును మరొకరు కూడ నడిపేటట్లయితే అతనిని కూర్చుండబెట్టి తిరిగి చూడవలెను. తొంబది కిలోల అన్న కట్టుకొన్న యంత్రములో అరువది కిలోల తమ్ముడు కూర్చుంటే లెక్క మారిపోతుంది.

తేడా ఎక్కువగా ఉంటే ఏమి చేయవలెను? రెండు మార్గాలు కలవు. ఇంజనును క్రిందికి దించుట ఒకటి. దీనికై అడుగు దూలమును నిలువు దూలము వెనుక మెట్టువలె దించి కట్టి, ప్రొపెల్లరుకు చోటు చేస్తారు. కుర్చీని, టాంకును, బాటరీని పైకి ఎత్తుట రెండవది. అమెరికాలో డామినేటరు అనే నమూనాలో పైలటు కుర్చీ మంచె మీద కూర్చున్నంత ఎత్తున ఉంటుంది. చూచుటకు వింతగా ఉంటుంది గాని తోపు రేఖ అతని నడుము ప్రాంతమునకు వస్తుంది. అయితే బరువు పైకి పోయిన కొద్దీ వాలు నేలపై ప్రక్కకు దొర్లే భయము పెరుగుతుంది. కనుక వెనుక చక్రాల మధ్య ఎడము కూడ పెంచవలెను. ఎత్తుగా గడ్డి వేసిన బండికి చక్రాల ఎడము ఎంత ముఖ్యమో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

వీటితో పాటు చుక్కాని దగ్గర ఒక అడ్డతోక ఉండవలెను. తొలి బెన్సెన్ యంత్రాలకు ఉన్న పలుచని అడ్డ పలక చాలదు. ప్రొపెల్లరు గాలి తగిలేచోట, వీలైనంత వెనుకగా, తగినంత వెడల్పుతో దీనిని అమర్చితే ముక్కు పైకి క్రిందికి ఊగుట త్వరగా అణగిపోతుంది. కాని అడ్డతోక పెట్టినాము గదా అని ఎత్తున ఉన్న తోపు రేఖను ఉపేక్షించరాదు. ఇంజను గాలి ఆగినపుడు తోక పని కూడ తగ్గుతుంది.

చట్రము కట్టుబడి

చట్రమునకు వాడే అల్యూమినియము 6061-టి6 అనే రకము. దీనిని వెల్డింగు చేయరాదు. వేడి తగిలినచోట అది తన బలములో పెద్ద భాగము కోల్పోతుంది, పైకి మాత్రము ఏమియు కనబడదు. పలకలు వేసి బోల్టులతో బిగించవలెను. వెల్డింగు చేయదలచినవారు 4130 అనే క్రోముమాలి ఉక్కు గొట్టమును తీసికొని, చేయి తిరిగిన వెల్డరు చేత చేయించవలెను. బోల్టులు విమానాల తరగతివే కావలెను. ట్రాక్టరు బోల్టు బలమైనదే గదా అని కొందరు వాడినారు. కాని గట్టిదనము మీరి పెళుసైన బోల్టు వంగకుండ ఒక్కసారిగా తెగుతుంది. రంధ్రము బోల్టుకు సరిగా పట్టేటట్లు ముందు చిన్నదిగా తొలిచి, తరువాత రీమరుతో సరిచేయవలెను. వదులుగా ఉన్న రంధ్రము ఊగిసలాటకు నానాటికి పెద్దదవుతుంది. రోటారు ఇరుసుకు, చేతికర్ర కీళ్ళకు వేసే నట్టులకు పిన్ను తప్పక దిగవలెను.

రోటారు రెక్కలను మాత్రము ఇంట చేయుటకు పూనుకొనవద్దు. కట్టేవారిలో నేర్పరులు కూడ వీటిని కొనియే తెచ్చుకొంటారు. కొన్న రెక్కకు ఒక్క రంధ్రము కూడ కొత్తగా వేయరాదు. మొదలు వద్ద బోల్టు రంధ్రాల చుట్టు వెండ్రుక మందము పగులు కనబడినను ఆ జత పని అయిపోయినట్లే. అతుకు వేసి వాడుట అనునది లేదు.

రాయి, దుమ్ము, ఎండ

బీడునేల కోసము ప్రత్యేకముగా చేయవలసిన పనులు కొన్ని కలవు. చక్రాలు పెద్దవిగా, టైర్లు వెడల్పుగా ఉండి, గాలి తక్కువగా పెట్టవలెను. మెత్తని టైరు గుంటను, గులకరాతిని మ్రింగివేస్తుంది. గాలి బిగించి కొట్టిన టైరు ప్రతి దెబ్బను చట్రమునకు పంపుతుంది. ప్రొపెల్లరు వెనుక ఉండుటచే చక్రము లేపిన రాయి నేరుగా దానికే తగులుతుంది. మూడు చక్రాలకు మడ్డుగార్డులు వేయుట అందమునకు కాదు, దీని కొరకే. ప్రొపెల్లరు అంచుకు గట్టి టేపు అంటించి, అది చిరిగినప్పుడల్లా మార్చవలెను. ఇంజనును ఎత్తుట కంటె ఈ మూడు పద్ధతులే రాతి బాధకు సరియైన మందు.

గాలి జల్లెడను ప్రతిదినము విప్పి దులపవలెను. ఎండ 40 డిగ్రీలు దాటిన దినమున గాలి పలుచబడి, పైకి లేచుటకు ఎక్కువ దూరము పడుతుంది. నిన్న ఉదయము చల్లగా ఉన్నపుడు చాలిన మైదానము నేడు మధ్యాహ్నము చాలకపోవచ్చును. రెండు స్ట్రోకుల ఇంజను వేడెక్కి పట్టివేయుట కూడ ఇట్టి వేళలోనే.

నేలమీద జరిగే నష్టము

చాల రోటార్లు విరిగేది ఆకాశములో కాదు, బయలుదేరేటప్పుడు. రోటారు చాలినంత వేగముగా తిరగకముందే పైలటు ఇంజను వేగము పెంచి గతుకులలో పరుగెత్తిస్తాడు. నిదానముగా తిరిగే రెక్క గాలికి విసనకర్రవలె లేచి పడి, తోకను గాని నేలను గాని కొడుతుంది. దీనికి విరుగుడు ఓపిక. పూర్వము రెక్కను చేతితో త్రిప్పి, ఎదురుగాలికి మెల్లగా నడిపించుకొంటూ వేగము తెచ్చేవారు. నేడు ఇంజను నుండి బెల్టు గాని, సన్నని ఇరుసు గాని పెట్టి, నిమిషమునకు 200 చుట్ల వరకు ముందుగా త్రిప్పి, తరువాత దానిని విడదీస్తారు. బీడునేలకు ఈ ఏర్పాటు విలాసము కాదు. చేతికర్ర చేతిలో టపటప కొట్టుకొంటే అది రోటారు ఇచ్చే హెచ్చరిక. వెంటనే ఇంజను తగ్గించి, కర్రను ముందుకు పెట్టి, యంత్రమును ఆపవలెను.

ఇంజను నడుస్తున్నంతసేపు వెనుక ఎవ్వరు నిలువరాదు. ముఖ్యముగా పిల్లలు, కుక్కలు. తిరిగే ప్రొపెల్లరు కంటికి కనబడదు.

నేర్చుకొనుట

బెన్సెన్ కాలములో చాలమంది ఇంజను లేని యంత్రమును కారుకు త్రాడుతో కట్టి లాగించుకొని, ఎవరి చేతి నేర్పు వారే సంపాదించినారు. కొందరు బాగా నేర్చినారు. కొందరు ఒకే తప్పుకు బలి అయినారు. ఆ తప్పు ఇది. ముక్కు లేచినదని కర్రను ముందుకు నెట్టుట. యంత్రము బదులు చెప్పుటకు క్షణము పట్టుటచే ఇంకా నెట్టుట. అంతలో ముక్కు ఎక్కువగా వాలినదని వెనుకకు లాగుట. ప్రతి ఊపు ముందుదాని కంటె పెద్దదవుతుంది. మూడు నాలుగు ఊపులలో పైన చెప్పిన బరువులేని క్షణము వస్తుంది. సరియైన పని ఏమనగా, ఇంజను వేగము తగ్గించి, కర్రను కదలకుండ పట్టుకొనుట. ఇది చదివినపుడు సులభముగా తోస్తుంది. భయము పుట్టిన చేతికి మాత్రము ప్రక్కన గురువు కూర్చున్న రెండు కుర్చీల యంత్రములో చాలసార్లు చేసినగాని అలవాటు కాదు. విమానము నడుపుట వచ్చినవానికి ఇది మరింత కష్టము. ఎందుకనగా వేగము తగ్గినపుడు ముక్కు దించుట అతనికి చేతి అలవాటు. ఇక్కడ ఆ అలవాటే శత్రువు.

ఆస్ట్రేలియాలో ఈ యంత్రాలు, వీటిని నడిపేవారు స్పోర్ట్ రోటర్‌క్రాఫ్ట్ అసోసియేషను పర్యవేక్షణలో ఉంటారు. సొంత స్టేషనులో సొంత యంత్రమైనను పరీక్ష లేకుండ, యోగ్యతాపత్రము లేకుండ నడుపరాదు. మన దేశములోనైతే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వారి అనుమతి లేకుండ మనిషి ఎక్కే ఏ యంత్రమును ఎగురరాదు. గ్రామాధికారులకు నా మనవి ఒకటి. మీ ఊరిలో ఎవరైనా యువకుడు ఇట్టి యంత్రము కడుతున్నాడని తెలిస్తే వెక్కిరించవద్దు, ఊరంతా పోగై ఎగురుమని ప్రోత్సహించనూ వద్దు. అతనిని కూర్చుండబెట్టి, గుండు దారము పరీక్ష చేసినావా అని అడగండి. చేయలేదంటే ఆ షెడ్డు తాళము కొంతకాలము మీ వద్ద ఉండుటయే మేలు.

తీగలు, కందిరీగలు

మంద తోలేవాడు చెట్ల తలలకు ఆనుకొని ఎగురుతాడు. అతని కన్ను పశువుపై ఉంటుంది. ఆస్ట్రేలియా బీళ్ళలో ఒంటి తీగతోనే కరెంటు పంపే లైనులు చాల దూరము పోతాయి. స్తంభాలు దూరదూరముగా, చెట్లలో కలిసి ఉంటాయి. సన్నని ఆ ఒంటి తీగ ఎండలో కనబడనే కనబడదు. అందుచేత తెలివిగలవారు పని ప్రారంభించక ముందు ఎత్తున ఒక చుట్టు తిరిగి, తీగను గాక స్తంభాలను వెదకి, పటముపై గుర్తు పెట్టుకొంటారు. తమ స్టేషనులో ముప్పది ఏండ్లు తిరిగిన వారు కూడ ఇట్లే చేస్తారు. తక్కువ ఎత్తులో ఇంజను ఆగితే జారి పోవుటకు చోటు ఉండదు గనుక, పొదలు దట్టముగా ఉన్నచోట మందను క్రింది మోటారు సైకిళ్ళవారికి వదలి, తాము పైననే ఉండి దారి చూపుతారు.

సాయంత్రము దిగిన తరువాత రోటారు రెక్కను త్రాడుతో తోకకు కట్టివేయవలెను. రాత్రి సుడిగాలి వస్తే కట్టని రెక్క తనంతట తానే లేచి విరిగిపోగలదు. మరునాడు ఉదయము ఇరుసు పిన్నులు, రెక్క మొదళ్ళు, పెట్రోలు గొట్టాలు చేతితో తడిమి చూడవలెను. టాంకు మూతకు గాలి పోవుటకై ఉన్న సన్నని రంధ్రమును కూడ చూడవలెను. మట్టితో గూడు కట్టే కందిరీగకు ఆ రంధ్రము చాల ఇష్టము. ఒక్క రాత్రిలో పూడ్చివేస్తుంది. గాలి ఆడక పెట్రోలు దిగదు, ఇంజను పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది. ఒక సన్నని తీగను ఆ మూతకే దారముతో కట్టి ఉంచుకొంటే, ప్రతి ఉదయము దానితో రంధ్రమును పొడిచి చూచుకొనవచ్చును.